ఫీజు ఎవరు కట్టారు? ‘నెర్వస్ కండిషన్స్’ నవలలో చదువు, రుణం, స్వేచ్ఛ

సంక్షిప్తంగా: జింబాబ్వే రచయిత్రి త్సిత్సీ దంగరెంబ్గా 1988లో ప్రచురించిన ‘నెర్వస్ కండిషన్స్’ ఒక పేద రైతు కూతురు చదువు కోసం చేసిన పోరాటపు కథ. చదువు దొరికితే స్వేచ్ఛ దానంతట అదే వస్తుందన్న నమ్మకాన్ని ఈ నవల లోతుగా పరీక్షిస్తుంది. ఆ అమ్మాయి ఫీజు ఏ దశలో ఎవరు కట్టారు, అందుకు బదులుగా ఏం ఆశించారు అన్న ప్రశ్నను వెంటబెట్టుకుని చదివితే, నవల ముగింపు ఎందుకు సంతోషంగా ఉండదో అర్థమవుతుంది. ఆ లెక్కను నవల ఎలా నడిపిందో, దాని వెనుక ఉన్న రొడీషియా (స్వాతంత్ర్యానికి ముందు జింబాబ్వే పేరు) చట్టాలు ఏమిటో, 1980 తర్వాత ఏం మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠకులు తడబడే చోటు

పేదింటి అమ్మాయి చదువు గురించిన నవలలకు ఒక అలవాటైన నడక ఉంటుంది. బడికి వెళ్ళనివ్వని ఇల్లు, పట్టుదల గల పిల్ల, దారిలో ఒక మంచి టీచరు, చివరికి ఒక స్కాలర్‌షిప్పు. అక్కడితో కథ ముగుస్తుంది. ‘నెర్వస్ కండిషన్స్’లో ఇవన్నీ ఉన్నాయి. కథానాయిక తంబుడ్జాయికి బడి ఆగిపోతుంది, ఆమె తన చేతులతో పంట పండించి ఫీజు సంపాదించాలని నడుం కడుతుంది, ఒక టీచరు అండగా నిలుస్తాడు, చివరికి దేశంలోనే పేరున్న కాన్వెంటులో సీటు వస్తుంది. అయినా పుస్తకం మూసేటప్పటికి పాఠకుడికి విజయం చూసిన తృప్తి కలగదు. తంబు పక్కనే పెరిగిన మరో అమ్మాయి మంచాన పడి ఉంటుంది, తల్లి భయంతో కుంగిపోయి ఉంటుంది, తంబుకే తన గెలుపు మీద అనుమానం మొదలవుతుంది.

మొదటి వాక్యం నుంచే తడబాటు మొదలవుతుంది. తన అన్న చనిపోయినందుకు తనకు విచారం కలగలేదని కథ చెప్పే తంబు ఆ వాక్యంలోనే ఒప్పుకుంటుంది. కరుణ కోసం చేతులు చాచే పాత్రకు అలవాటు పడిన పాఠకుడికి ఇది మింగుడుపడదు. ఆ మాట కర్కశత్వం వల్ల వచ్చిందా, లెక్క వల్ల వచ్చిందా అన్నదే నవలకు తాళంచెవి. ఆ కుటుంబంలో చదువుకు ఒకటే ఖాళీ ఉంది, అన్న బతికి ఉన్నంత కాలం అది అతనిదే. 1968లో అన్న న్హామో గవదబిళ్ళల జబ్బుతో చనిపోయాకే పదమూడేళ్ళ తంబు వంతు వచ్చింది. ఆమెలో కనిపించే కర్కశత్వం ఆ ఏర్పాటు నుంచి పుట్టింది.

రచయిత్రి 1959లో అప్పటి దక్షిణ రొడీషియాలో పుట్టారు. పసితనంలో కొన్నేళ్ళు ఇంగ్లండులో గడిపారు, తర్వాత కేంబ్రిడ్జిలో వైద్యవిద్యలో చేరి, దాన్ని వదిలి, స్వాతంత్ర్యం వచ్చిన 1980లో స్వదేశం చేరుకుని మనస్తత్వశాస్త్రం చదివారు. నవల లండన్‌లోని స్త్రీవాద ప్రచురణ సంస్థ ద్వారా వెలువడింది, 1989లో ఆఫ్రికా ప్రాంతానికి కామన్వెల్త్ రచయితల బహుమతి పొందింది. నల్లజాతి జింబాబ్వే స్త్రీ ఇంగ్లిషులో ప్రచురించిన తొలి నవలగా దీన్ని సాహిత్య చరిత్రలు పేర్కొంటాయి. పేరు మాత్రం వలస పాలనను ఎదిరించిన రచయిత ఫ్రాంజ్ ఫానన్ 1961 నాటి పుస్తకానికి ఫ్రెంచ్ తత్వవేత్త జీన్ పాల్ సార్త్ర్ రాసిన ముందుమాట నుంచి వచ్చింది. వలస పాలన కింద బతికేవాడి స్థితే ఒక నరాల జబ్బు అన్న భావం అక్కడిది. సార్త్ర్ మాటలో స్త్రీ లేదు, దంగరెంబ్గా నవలలో అంతా స్త్రీలే. ఆ మార్పు చిన్నది కాదు.

జల్లెడ

ఒక ఇంట్లో ఒక్కరికే చదువు ఎందుకు దొరికిందో తెలియాలంటే ఆనాటి రొడీషియాను చూడాలి. 1930 నాటి భూవిభజన చట్టం జనాభాలో కొద్దిశాతమే ఉన్న తెల్లవారికి దేశంలోని దాదాపు సగం భూమిని కేటాయించింది. నల్లజాతి రైతులు ఎక్కువగా రాతి నేలలకు, ఇసుక నేలలకు పరిమితమయ్యారు. తంబు నాయనమ్మ పొలంలో కలుపు తీస్తూ మనవరాలికి చెప్పిన కుటుంబ చరిత్ర అదే: మంచి నేల పోవడం, మొగుడు దక్షిణాదిన బంగారు గనులకు వెళ్ళి తిరిగి రాకపోవడం, చివరికి ఆమె తొమ్మిదేళ్ళ కొడుకును గోచీతోనే తీసుకెళ్ళి క్రైస్తవ మిషన్ వాళ్ళకు అప్పగించడం.

చదువు విషయంలోనూ ఇదే తేడా. తెల్లవారి పిల్లలకు 1930ల నుంచే నిర్బంధ విద్య అమల్లో ఉంది. నల్లజాతి పిల్లలకు నిర్బంధమూ లేదు, ఉచితమూ లేదు. బళ్ళలో అధికభాగం మిషన్లు నడిపినవే, ఫీజు తల్లిదండ్రులదే. 1965 నవంబరు 11న ఇయాన్ స్మిత్ నడిపిన తెల్లజాతి ప్రభుత్వం బ్రిటన్‌ను కాదని ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, 1966లో వచ్చిన విద్యావిధానం ఈ జల్లెడను ఇంకా సన్నం చేసింది. ప్రాథమిక విద్య ముగించిన నల్లజాతి పిల్లల్లో పన్నెండున్నర శాతానికే, అంటే ఎనిమిదిమందిలో ఒకరికే, పుస్తక విద్య సాగే సెకండరీ బడిలో చోటు ఉండేలా ప్రణాళిక వేసింది. మరో ముప్పైఏడున్నర శాతం మంది చేతిపనుల బడులకు వెళ్ళాలి. మిగతా సగానికి దారి అక్కడితో సరి.

ఇలాంటి చోట కుటుంబం తన డబ్బును ఎవరి మీద పెట్టాలో తేల్చుకోక తప్పదు. తంబు తండ్రి జెరమయా చెప్పే కారణం చాలా ఇళ్ళలో వినిపించేదే: పుస్తకాలు వండి మొగుడికి పెడతావా, అమ్మ దగ్గర వంట నేర్చుకో, కూరగాయలు పండించు అంటాడు. కొడుకు చదివితే ఉద్యోగపు జీతం ఈ ఇంటికే వస్తుంది. కూతురు చదివితే ఆ జీతం పెళ్ళి చేసుకున్న ఇంటికి పోతుంది. తంబు పుట్టిన షోనా సమాజంలో ‘రోరా’ అనే ఆచారం ఉంది. మగపెళ్ళివారు ఆడపిల్ల ఇంటికి పశువులో డబ్బో ఇచ్చుకుంటారు, పాత తెలుగులో ఓలి అన్నది దీనినే. ఓలి వచ్చే చోట ఆడపిల్ల గుండెల మీద కుంపటి కాదు, ఆస్తి కిందే లెక్క. అయినా ఆ ఆస్తి మీద చదువు ఖర్చు పెట్టడం తండ్రికి నష్టమనే అనిపిస్తుంది. ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి కట్నమే ఏకైక మూలమనుకునే వారు ఈ పోలికను గమనించాలి: డబ్బు ఏ దిక్కున ప్రవహించినా నష్టపోయేది ఆడపిల్ల చదువే.

మొక్కజొన్న చేను

నవలలో అన్నిటికన్నా దగ్గరగా చూడవలసిన ఘట్టం తంబు సేద్యం. బడి ఆగిపోయిందని చెప్పినప్పుడు ఆమె ఏడుస్తూ కూర్చోదు, విత్తనాలు అడుగుతుంది. తండ్రి నవ్వుతాడు. కానీ విత్తనం ఇవ్వమని, ప్రయత్నించి తానే తెలుసుకోనివ్వమని తల్లి అంటుంది. తల్లి మాటలో ఉన్నది ప్రోత్సాహం కాదు, ఓటమి నేర్చుకోనీ అన్న నిర్వేదం. తంబు ఒకప్పుడు నాయనమ్మ సాగుచేసిన చెక్కలో మొక్కజొన్న నాటుతుంది. తెల్లవారకముందే లేచి తన చేను చూసుకుని, తర్వాత ఇంటి చేలో రోజు పని చేసి, నీళ్ళు మోసి, సాయంత్రం మళ్ళీ తన చేనికి వెళ్తుంది.

పొత్తులు కాసే వేళకు అవి మాయమవుతాయి. దొంగ బయటివాడు కాదు. ఆ పొత్తులు కోసి తోటి పిల్లలకు పంచిపెట్టినవాడు అన్న న్హామో. అతనికి ఆకలి లేదు, పొత్తుల అవసరమూ లేదు. చెల్లెలు తన ఫీజు తాను కట్టుకోగలదన్న విషయమే అతనికి కంటగింపు. తంబు అతని మీద పడి కొడుతుంది, టీచరు మటింబా వచ్చి విడదీస్తాడు. అసలు సంగతి విన్నాక పచ్చి పొత్తులను పట్నంలో తెల్లవారికి అమ్మితే మంచి ధర వస్తుందని దారి చూపేది ఆ టీచరే. బడి లారీలో ఉమ్టాలికి, అంటే ఇప్పటి ముతారే నగరానికి, ఇద్దరూ వెళ్తారు.

అక్కడ జరిగినది కథ గమనాన్ని మార్చేస్తుంది. డోరిస్ అనే తెల్లజాతి స్త్రీ, చిన్నపిల్లతో పని చేయిస్తున్నావని మటింబాను నిలదీస్తుంది. గుంపు చేరుతుంది. నల్లజాతి టీచరుకు ఎదురు చెప్పే స్వేచ్ఛ లేదు; ఆయన తలవంచి, ఈ పిల్ల తల్లీ తండ్రీ లేని అనాథ అని, ఫీజు లేక బడి మానేసిందని, దయ పుట్టేలా చెబుతాడు. డోరిస్ మనసు కరిగి పది పౌన్లు ఇస్తుంది. పొత్తులు తీసుకోదు.

నెలల తరబడి చేసిన కష్టానికి ఒక్క పొత్తు కూడా అమ్ముడుపోలేదు. డబ్బు వచ్చింది, కానీ అది పంటకు ధర కాదు, దానం. కష్టం చేస్తే ఫలితం వస్తుందన్న పాఠం ఇక్కడ రాయడం రచయిత్రికి ఎంతో సులువు. ఆమె ఆ సులువును వద్దనుకున్నారు. తంబు తన చదువును తానే కొనుక్కునే ఏకైక అవకాశం ఆ పట్నపు వీధిలో దానంగా మారిపోయింది. ఆ తర్వాత నవల పొడవునా ఆమె ఫీజు మరొకరి చేతుల మీదుగానే నడుస్తుంది.

రసీదు

పది పౌన్లు ఆ ఇంటికి చాలా పెద్ద మొత్తం. మటింబా ఆ డబ్బును హెడ్మాస్టరుకు అప్పగిస్తాడు, ఆయన రసీదు రాసి తంబు ఫీజు ఖాతాలో ఉంచుతాడు. తండ్రి బడికి వెళ్ళి గొడవ పెడతాడు. అతని వాదన సూటిగా ఉంటుంది: కూతురు నాది కాబట్టి కూతురికి వచ్చిన డబ్బూ నాదే. ఆమె చదువుకుంటే లాభపడేది ఎవరో మగవాడు, నేను అన్నీ పోగొట్టుకుంటాను అంటాడు.

ఈ వాదన నేటి పాఠకుడికి దుర్మార్గంగా వినిపిస్తుంది, కానీ ఆనాటి న్యాయవ్యవస్థ అతని వెనుకే ఉంది. వలస కాలపు న్యాయస్థానాలు స్థిరపరచిన సంప్రదాయ చట్టంలో నల్లజాతి స్త్రీ ఎంత వయసు వచ్చినా మైనరే. మొదట తండ్రి, తర్వాత భర్త, భర్త లేకపోతే కొడుకో మరిదో ఆమెకు సంరక్షకులు. తన పేరుతో ఒప్పందం చేసుకోవడానికీ, పెళ్ళికి ఒప్పుకోవడానికీ ఆమెకు స్వతంత్ర హక్కు లేదు. ఈ స్థితి 1982లో వచ్చిన లీగల్ ఏజ్ ఆఫ్ మెజారిటీ చట్టంతోనే మారింది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ పురుషులందరినీ అది మేజర్లుగా గుర్తించింది. అంటే తంబు పేరు మీద హెడ్మాస్టరు రాసిన ఆ రసీదు, చట్టం ఆమెకు ఇవ్వని గుర్తింపును ఒక కాగితం ముక్క మీద ఇచ్చింది. నవలలో తంబు సొంత పేరుకు డబ్బు చేరిన ఘట్టం అదొక్కటే అనిపిస్తుంది, అదీ ఒక టీచరు మొండితనం వల్ల.

పెదనాన్న ఇల్లు

తెలుగు పాఠకులకు ఈ నవలలో ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లిషు పాఠకులు అంకుల్, ఆంటీ అని సరిపెట్టుకోవలసిన చోట షోనా మాటలు మన మాటల్లాగే కట్టి ఉంటాయి. ‘బాబాముకురు’ అంటే పెద్ద తండ్రి, పెదనాన్న; ‘మైగురు’ అంటే పెద్ద తల్లి, పెద్దమ్మ. నవల మొత్తంలో ఆ ఇద్దరినీ దాదాపు ఆ వరసలతోనే పిలుస్తారు. పెదనాన్న మాటకు తండ్రి కూడా తల ఎత్తి జవాబు చెప్పలేని ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన పాఠకుడికి, బాబాముకురు గదిలోకి రాగానే అందరి గొంతులూ ఎందుకు తగ్గుతాయో వివరించనక్కరలేదు.

నాయనమ్మ మిషన్‌కు అప్పగించిన తొమ్మిదేళ్ళ పిల్లవాడే బాబాముకురు. ఇప్పుడు ఆయన మిషన్ బడికి హెడ్మాస్టరు. 1960లో భార్యాపిల్లలతో ఇంగ్లండు వెళ్ళి, 1965లో పెద్ద చదువుతో తిరిగి వచ్చారు. కుటుంబంలోని ఒక్కో శాఖ నుంచి ఒక్కో పిల్లను చదివిస్తే ఇల్లంతా బాగుపడుతుందని ఆయన లెక్క. తమ్ముడి ఇంటి నుంచి ముందు న్హామోను, అతను పోయాక తంబును మిషన్‌కు తీసుకెళ్తారు.

ఆయనను దుర్మార్గుడిగా రాసి ఉంటే నవల చాలా చిన్నదయ్యేది. ఆయన కష్టజీవి, బాధ్యత ఎరిగినవాడు, తమ్ముడి అప్పులు, అవసరాలు మోసేవాడు. అదే సమయంలో ఆయన కూడా రుణగ్రస్తుడే. ఇంగ్లండు చదువుకు స్కాలర్‌షిప్పు ఇస్తామన్నప్పుడు ఆయన వెళ్ళాలా వద్దా అని తర్జనభర్జన పడే స్థితిలో లేడని నవల చెబుతుంది. కాదంటే మిషనరీలు దాన్ని కృతఘ్నతగా చూస్తారు, తన బదులు మరో యోగ్యుడైన ఆఫ్రికన్‌ను వెతుక్కుంటారు. ఇక్కడే నవల యంత్రాంగం బయటపడుతుంది. మిషన్ బాబాముకురును చదివించింది, బాబాముకురు తంబును చదివిస్తున్నాడు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు చదువు దిగుతుంది, కింది మెట్టు నుంచి పై మెట్టుకు విధేయత ఎక్కుతుంది. మిషన్ ముందు వినయంగా నిలబడే మనిషి ఇంట్లో అదే వినయాన్ని అందరి నుంచీ ఆశిస్తాడు. మిషన్‌లో తంబుకు తెల్లని ఇల్లు, తన సొంత మంచం, చేతినిండా పుస్తకాలు దొరుకుతాయి. కొన్నాళ్ళపాటు ఆమెకు పెదనాన్న దేవుడిలాగే కనిపిస్తాడు. ఆ భక్తి నటన కాదు, అందుకే అది ప్రమాదకరం.

ఆ భక్తి విరిగేది ఒక పెళ్ళి దగ్గర. తమ్ముడికీ మరదలికీ చర్చిలో పెళ్ళి జరగలేదు కాబట్టి వాళ్ళు పాపంలో బతుకుతున్నారని, ఇంటి మీదికి వచ్చే కష్టాలకు అదే కారణమని బాబాముకురు తేల్చి, ఇన్నేళ్ళ తర్వాత వారికి చర్చిలో పెళ్ళి తలపెడతాడు. తన తల్లిదండ్రుల కాపురమే, దానితో తన పుట్టుకే, తప్పు కింద జమ అయినట్టు తంబుకు అనిపిస్తుంది. కాదనే ధైర్యం లేదు. పెళ్ళి రోజు ఉదయం ఆమె మంచం మీద నుంచి లేవలేకపోతుంది, శరీరం కదలదు. చివరికి నోరు తెరిచి రానని చెబుతుంది. శిక్షగా పదిహేను దెబ్బలు తిని, రెండు వారాలు పనిమనిషి ఆనా పనంతా తాను చేస్తుంది. ఆ రెండు వారాలను ఆమె మొహం మాడ్చుకోకుండా పూర్తి చేయడం గమనించదగినది. దెబ్బలకూ అంట్లకూ వెల ఉంది, ఆ వెల ఆమె కట్టగలదు. పెదనాన్న పట్ల కృతజ్ఞతకు మాత్రం వెల లేదు, అది ఎంత కట్టినా తీరదు.

ఎం.ఏ. చదివిన పెద్దమ్మ

చదువు వస్తే స్వేచ్ఛ వస్తుందన్న నమ్మకానికి ఈ నవల ఇచ్చే అతి బలమైన జవాబు మైగురు. ఇంగ్లండులో భర్తతో పాటు ఆమె కూడా మాస్టర్స్ డిగ్రీ చదివింది. ఆ సంగతి తంబుకు ఎంతో కాలం తెలియదు. పెదనాన్న చదువుకుంటుంటే పెద్దమ్మ ఇంటిపని చూసుకుందని ఊరంతా అనుకుంటుంది, ఆ అభిప్రాయాన్ని ఎవరూ సరిదిద్దరు. ఆమె మిషన్‌లో టీచరు, జీతం వస్తుంది, ఆ జీతం ఇంటి ఖర్చులోనూ బంధువుల ఖర్చులోనూ కలిసిపోతుంది. పండక్కి ఊరు వెళ్ళినప్పుడు డిగ్రీలున్న ఈ స్త్రీ బంధువులందరికీ వండి వడ్డిస్తుంది. కుటుంబ పంచాయితీ జరిగే గదిలో మాత్రం ఆమె మాటకు చోటు లేదు.

ఒకసారి ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఐదు రోజులకు భర్త వెళ్ళి తీసుకొస్తాడు. వెళ్ళింది తన అన్నదమ్ముల ఇంటికే కదా, మరో మగవాడి నీడకే కదా అని కూతురు న్యాషా నిరుత్సాహపడుతుంది. ఈ ఐదు రోజులను విమర్శకులు కొందరు ఓటమిగా, కొందరు మొదటి అడుగుగా చదివారు. రెండోదే సరైనదనిపిస్తుంది. ఎందుకంటే కాన్వెంటు సీటు వచ్చినప్పుడు, ఖర్చులూ ఆడపిల్ల నడవడీ అని బాబాముకురు వెనకాడుతుంటే, తంబు తరఫున నోరు విప్పింది మైగురే. ఇంతకు ముందు ఆమె అలా మాట్లాడిన సందర్భం లేదు.

చదువులేని లూసియా దీనికి మరో వైపు. తంబు తల్లికి చెల్లెలైన ఈమె ఎవరి మాటకూ జంకదు, మగవాళ్ళ పంచాయితీ గదిలోకి దూసుకెళ్ళి తన మాట చెప్పి వస్తుంది. బాబాముకురు ఆమెకు హాస్టలు వంటగదిలో పని ఇప్పిస్తాడు, ఆమె సాయంత్రాలు ఒకటో తరగతి చదువు మొదలుపెడుతుంది. ఉద్యోగం కోసం ఆయన ముందు మోకరిల్లి పొగిడావేమిటని న్యాషా మందలిస్తే, అడిగించుకోవడం ఆయనకు కావాలి, పని నాకు కావాలి, ఇద్దరికీ కావలసింది దొరికిందని లూసియా తేల్చేస్తుంది. కృతజ్ఞతను మనసులోకి ఎక్కనివ్వకుండా ధర కట్టి చెల్లించేసిన మనిషి నవలలో ఈమె ఒక్కతే. తంబుకు చేతకానిదీ, న్యాషాకు అసహ్యమైనదీ ఈ నేర్పే.

న్యాషా

న్యాషాకు ఫీజు బాధ లేదు. ఆమె హెడ్మాస్టరు కూతురు, చిన్నతనం ఇంగ్లండులో గడిచింది, తిరిగి వచ్చేటప్పటికి షోనా సగం మరిచిపోయింది. చదువు ఆమెకు ప్రశ్నించడం నేర్పింది, ఇల్లు ప్రశ్నను భరించదు. ఒక రాత్రి డ్యాన్సు నుంచి ఆలస్యంగా వచ్చినందుకు తండ్రి ఆమెను తిట్టి కొడతాడు, ఆమె తిరిగి కొడుతుంది. తర్వాత పోరాటం తిండి పళ్ళెం దగ్గరికి చేరుతుంది. తండ్రి ముందు తిని, బాత్రూంలో కక్కేస్తుంది. రాత్రంతా చదువుతుంది. చివరికి ఒక రాత్రి చరిత్ర పుస్తకాన్ని పళ్ళతో చీలుస్తూ అందులోని అబద్ధాలను తిడుతుంది. ఆఫ్రికన్లకు ఇలాంటి జబ్బు రాదని, ఇది నటన అని ఒక తెల్లజాతి మానసిక వైద్యుడు తీర్పు చెబుతాడు.

పేద అమ్మాయి కథలో ఈ పాత్ర ఎందుకన్న ప్రశ్న చాలామంది పాఠకులకు వస్తుంది. తంబు ఎక్కాలనుకుంటున్న మెట్టు పైన ఏముందో చూపడానికే న్యాషా ఉంది. పేదరికం అడ్డు తొలగినా, చదువు పుష్కలంగా దొరికినా, ఆ చదువు ఎవరి చరిత్ర చెబుతోంది, ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది అన్న రెండు ప్రశ్నలు అలాగే నిలిచి ఉంటాయి.

కాన్వెంటు, ఆ తర్వాత

సేక్రెడ్ హార్ట్ కాన్వెంటు సన్యాసినులు మిషన్‌కు వచ్చి పరీక్ష పెడతారు. ఆఫ్రికన్ బాలికలకు ఉన్న సీట్లు రెండే. ఒకటి తంబుకు వస్తుంది. ఈసారి ఫీజు పెట్టేది పెదనాన్న కాదు, తెల్లవారి సంస్థ. హాస్టల్లో నలుగురు ఉండే గదిలో నల్లజాతి అమ్మాయిలు ఆరుగురిని సర్దుతారు. ఆ గది వర్ణన నవలలో కొద్ది వాక్యాలే, కానీ దాత మారినా లెక్క మారలేదని చెప్పడానికి అది చాలు.

ఆ లెక్క ఎంత దూరం వెళ్ళిందో తర్వాతి రెండు నవలలు చూపుతాయి. 2006లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ నాట్’లో, తెల్లవారి పాలన మీద సాగిన విమోచన యుద్ధ కాలంలో తంబు అదే కాన్వెంటులో చదువుతుంది, బడిలో అందరికన్నా మంచి మార్కులు ఆమెవే, బహుమతి కప్పు మాత్రం తెల్లజాతి విద్యార్థినికి ఇస్తారు. 2018 నాటి ‘దిస్ మోర్నబుల్ బాడీ’లో ఆమె హరారేలో నడివయసు నిరుద్యోగి; ప్రకటనల సంస్థలో తాను రాసిన మాటలకు పేరు ఇతరులకు దక్కడంతో ఉద్యోగం వదిలేసింది. ఈ నవల 2020లో బుకర్ బహుమతి తుది జాబితాకు చేరింది. మొదటి నవలను ఒంటరిగా చదివి విజయగాథ అనుకున్నవారికి ఈ రెండూ నిరాశ కలిగించవచ్చు. కానీ మక్కచేను నుంచి కాన్వెంటు వరకు ఉన్న దారిని మళ్ళీ చూస్తే, ఈ ముగింపు విత్తనం అక్కడే పడిందని తెలుస్తుంది.

1980 తర్వాత

1980 ఏప్రిల్ 18న జింబాబ్వే స్వతంత్ర దేశమైంది. ఆ ఏడాదే ప్రాథమిక విద్యకు ట్యూషన్ ఫీజు ఎత్తేశారు. 1979లో ఎనిమిది లక్షల పైచిలుకు ఉన్న ప్రాథమిక బడి పిల్లల సంఖ్య 1980ల మధ్యకు ఇరవై రెండు లక్షలకు చేరింది. తంబు ఇంట్లో అన్నాచెల్లెళ్ళ మధ్య నడిచిన పోటీ ఫీజు లేని చోట అంత పదునుగా ఉండదు. ఈ అంకెలు చెప్పేది అదే. 1990ల మొదట్లో ఆర్థిక సంస్కరణలతో పట్టణ ప్రాథమిక బళ్ళలో ఫీజులు తిరిగి వచ్చాయి, పాత ప్రశ్నా దానితో తిరిగి వచ్చింది.

చట్టం మరో వైపు నుంచి కూడా కదిలింది. 2013 రాజ్యాంగం ఆధారంగా ఇద్దరు యువతులు వేసిన కేసులో 2016 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం పద్దెనిమిదేళ్ళలోపు పెళ్ళి చెల్లదని తీర్పు ఇచ్చింది. చిన్నప్పుడే పెళ్ళయి చదువు పోగొట్టుకున్నవారే ఆ కేసు వేశారు. 2020లో విద్యాచట్టానికి చేసిన సవరణ ఫీజు కట్టలేదన్న కారణంతోనో, గర్భం దాల్చిందన్న కారణంతోనో పిల్లలను బడి నుంచి తీసేయడాన్ని నిషేధించింది. ఇవి దయ మీద ఆధారపడిన చదువును హక్కు మీద ఆధారపడిన చదువుగా మార్చే ప్రయత్నాలు. ఫీజు కట్టిన చేయి ఎవరిదో తెలియనప్పుడే పిల్ల ఎవరికీ తలవంచనక్కరలేదు.

తల్లి అభ్యంతరం

నవల ముగింపుకు వచ్చేటప్పటికి తంబు కాన్వెంటుకు వెళ్ళడాన్ని గట్టిగా వ్యతిరేకించేది తల్లి. మిషన్‌కు వెళ్ళిన కొడుకు తన భాష మరిచి, తల్లితో మాట్లాడడం మానేసి, చివరికి శవమై తిరిగి వచ్చాడు. ఇప్పుడు న్యాషా అలా అయిపోయింది. ఇదంతా ఇంగ్లిషుతనం చేస్తున్న పని, జాగ్రత్తగా లేకపోతే అందరినీ చంపుతుంది అని ఆమె అంటుంది. ఆమె మాటను చదువులేని తల్లి మూఢనమ్మకం కింద తోసేయడం తేలిక. నల్లదనపు పేదరికం ఒకవైపు, ఆడపుట్టుక బరువు మరోవైపు అని తన జీవితాన్ని రెండు ముక్కల్లో చెప్పగలిగిన స్త్రీ ఆమె. ఆమెకు తోచని పరిష్కారం మరెవరికీ పూర్తిగా తోచలేదు.

ఆ తల్లి చదువుకు శత్రువు కాదనడానికి నవల మొదటి పుటల్లోనే సాక్ష్యం ఉంది. బాబాముకురు ఇంగ్లండులో ఉన్న కాలంలో పంటలు దెబ్బతిని ఇంట్లో ఫీజుకు డబ్బు లేనప్పుడు, ఆమె గుడ్లు ఉడకబెట్టి, బుట్టలో పెట్టుకుని, బస్సులు ఆగే చోటికి నడిచి వెళ్ళి ప్రయాణికులకు అమ్మింది. ఆ ఇంట్లో ఫీజు కోసం మొదట చెమటోడ్చి డబ్బు సంపాదించింది ఆమె. డోరిస్ ఇచ్చిన పది పౌన్లకు రసీదు ఉంది, పెదనాన్న సాయాన్ని ఇంటిల్లిపాదీ పాటలతో, నృత్యాలతో కొనియాడారు. గుడ్ల డబ్బు గురించి ఎవరూ మళ్ళీ మాట్లాడరు. ఆ డబ్బుతో ఒక్కరికే ఫీజు సరిపోయింది, అది కొడుక్కి కట్టారు.